చక్కెర జబ్బుకు గోలీ వచ్చిన కథ

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా తొర్రూరు వరంగల్లు నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద వుంది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో చేరింది గాని, ఏ పెద్ద రోగం వచ్చినా వరంగల్లు బస్సెక్కడమే మాకు అలవాటు. మొన్నామధ్య ఒకనాటి మధ్యాహ్నం గిన్నెలు కడిగి అప్పుడే కూర్చున్నాను. పక్కింటి వదిన వచ్చి, కొంగు ముడి విప్పి, వరంగల్లు డాక్టరు రాసిచ్చిన చిట్టీ నా ముందు పెట్టింది.

"చూడు వదినా, షుగరున్నదని గోలీ రాసిండు. పదిహేను రోజులాయె, నేనింక కొననే లేదు. ఇన్నాళ్ళు బియ్యం డబ్బా కింద దాచిపెట్టిన. గోలీ మొదలుపెడితే సచ్చేదాక ఇడువదంట గదా! అర గోలీ ఒకటయితదట, ఒకటి రెండయితయట, ఆఖరుకు సూది మీదికొస్తదట" అంది.

ఆమె మొహంలో భయం చూస్తే నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఈ మాట మా అత్తమ్మ కూడా అన్నది, మా నాయనమ్మ కూడా అన్నది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అనే వుంటారు. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే లెక్కలు వచ్చాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు వుందని అందులో తేలింది. అంటే ఇది లేని వాడ, ఇది లేని బంధుబలగం లేదన్నమాటే. నేను డాక్టరమ్మను కాను, పదో తరగతితో చదువాపిన ఇల్లాలిని. కానీ ఈ గోలీ ఎక్కడ పుట్టింది, ఎలా పుట్టింది, కొంచెం కొంచెంగానే ఎందుకు మొదలుపెడతారు, తర్వాత ఎందుకు పెంచుతారు - ఇవన్నీ తెలుసుకుంటే వదిన భయం సగం పోతుందనిపించింది. ఆమెకు చెప్పిన కథే ఇవాళ మీకూ చెబుతున్నాను.

చక్కెర జబ్బు కొత్తదేం కాదు. మధుమేహమన్న పేరులోనే తేనె వుంది. రోగి మూత్రానికి చీమలు పడతాయని మన పాత వైద్యులు కనిపెట్టారు. పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది ఒకటి అని సుశ్రుతుడు రెండు రకాలు చెప్పాడు. అప్పట్నుంచీ మన పల్లెల్లో పొడపత్రి ఆకు నమలడం, నేరేడు గింజల పొడి మింగడం, వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగడం వుండనే వున్నాయి. వేగిస మీద భారత వైద్య పరిశోధనా మండలి 1990లలో పరీక్షలు కూడా చేసింది. అయితే చెక్క నీళ్ళలో ఆ రోజు ఎంత మందు దిగిందో కొలత తెలియదు. ఈ జబ్బుకు అసలు కిటుకంతా కొలతలోనే వుంది.

కొలత అంటే మా నాయనమ్మ గుర్తొస్తుంది. నేను మూడో తరగతి చదివే రోజులవి. బాపు ఒక గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచేవాడు. నీలం నీలంగానే వుంటే నాయనమ్మకు పండగ. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, ఇటుక రంగు వచ్చిందా, ఆ పూట ఆమెకు అన్నం బంద్. అమెరికాలో బెనెడిక్ట్ అనే ఆయన 1908-09లో కనిపెట్టిన మందు అది. దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మా ఇంట్లో గోలీ ఎంత వేయాలో ఆ రంగే చెప్పేది. అందులో ఒక చిక్కుంది. రక్తంలో చక్కెర ఇంచుమించు 180 దాటితే గాని మూత్రంలోకి దిగదు. అంటే నీలం రంగు చూసి మేము సంతోషపడ్డ రోజుల్లో కూడా నాయనమ్మ రక్తంలో చక్కెర ఎక్కువే వుండి వుండొచ్చు. చక్కెర మరీ పడిపోయినా ఆ రంగు నీలమే. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఇక అసలు కథలోకి వస్తాను. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు ఇన్సులిన్ కనిపెట్టారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ పిల్లవాడికి మొదటిసారి సూది ఇచ్చారు. చావు తప్పదనుకున్న పిల్లలు లేచి కూర్చున్నారు. కానీ రోజూ సూదులంటే ఎవరికి ఇష్టం? నోట్లో వేసుకునే మందు దొరకదా అని వైద్యులు వెతకసాగారు. 1926లో జర్మనీలో సింథాలిన్ అనే గోలీ వచ్చింది. చక్కెర తగ్గింది గాని, అది కాలేయాన్నీ మూత్రపిండాలనూ చెడగొట్టింది. తర్వాత దాన్ని వదిలేశారు. నోటి మందు చరిత్రలో మొదటి పాఠం ఇదే. చక్కెర తగ్గించడం ఒక్కటే చాలదు, మనిషి బాగుండాలి.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న 1942లో, ఫ్రాన్సులోని మాంపెల్యే పట్నంలో టైఫాయిడ్ రోగులకు జాన్‌బాన్ అనే డాక్టరు ఒక కొత్త సల్ఫా మందు ఇచ్చి చూశాడు. యుద్ధకాలం, తిండి సరిగా లేదు. మందు తీసుకున్న వాళ్ళలో కొందరికి చెమటలు పట్టి, ఒళ్ళు బిగుసుకుని, స్పృహ తప్పింది. కొందరు చనిపోయారు కూడా. ఇదేమిటని రక్తం పరీక్షిస్తే చక్కెర బాగా పడిపోయి వుంది. అదే వూళ్ళో లుబాతియేర్ అనే శాస్త్రవేత్త కుక్కల మీద పరీక్షలు చేశాడు. క్లోమం వున్న కుక్కలో ఆ మందు పనిచేసింది. క్లోమం తీసేసిన కుక్కలో పనిచేయలేదు. అంటే ఈ మందు క్లోమాన్ని తట్టి లేపి, అందులోని ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తుందని తేలింది. చూశారా, టైఫాయిడ్‌కు పోతే చక్కెర జబ్బుకు దారి దొరికింది!

ఆ దారిలోనే 1955లో జర్మనీలో ఒక గోలీ, 1956లో టాల్‌బ్యుటమైడ్ అనే గోలీ వచ్చాయి. 1969లో గ్లిబెన్‌క్లమైడ్ వచ్చింది. డయోనిల్ అంటే మనలో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. అది 5 మిల్లీగ్రాముల చిన్న గోలీ. టాల్‌బ్యుటమైడ్ పెద్ద మోతాదు చేసే పనిని ఆ కాస్త గోలీ చేసేది. చిన్నదని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా అత్తమ్మకు ఆ గోలీయే రాశారు. మొదట పొద్దున అర గోలీ, తర్వాత ఒకటి. అప్పుడామె పొలం పోయి వచ్చే మనిషి, మూడు పూటలా జొన్న రొట్టె, గట్క తినేది. రెండేళ్ళు గడిచాయి. పొలం మానేసింది, తిండి తగ్గింది, మనిషి సగమైంది. గోలీ మాత్రం ఒకటే. పాత చిట్టీ చూపించి ప్రతి నెలా గోలీలు తెప్పించింది ఎవరో కాదు, నేనే. డాక్టరుకు మళ్ళీ చూపించాలన్న ఆలోచన నాకు రాలేదు.

2006 శివరాత్రి. అత్తమ్మ ఒక్కపొద్దు. అలవాటు ప్రకారం పొద్దున్నే నీళ్ళతో గోలీ వేసుకుంది. మధ్యాహ్నానికి ఏదేదో మాట్లాడుతోంది, నన్ను గుర్తుపట్టలేదు, చేతులు వణుకుతున్నాయి. వాడకట్టులో ఆడవాళ్ళంతా చేరి "దేవుడు ఒంటి మీదికొచ్చిండు" అని బొట్టు పెట్టి మొక్కుతున్నారు. నేను కాళ్ళు పట్టుకుంటే చల్లటి చెమట. నాయనమ్మకు ఒకసారి ఇలాగే అయితే బాపు చక్కెర నీళ్ళు తాగించడం గుర్తొచ్చింది. మింగే స్థితిలోనే వుంది గనుక మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాను. ఒకవేళ స్పృహ తప్పి వుంటే నోట్లో ఏమీ పోయకూడదు సుమా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాసేపటికి తేరుకుని "ఏందే, ఇంతమంది వచ్చిన్రు?" అంది. అయినా దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు రాత్రంతా వుంచుకుని గ్లూకోజు పెట్టాడు. "ఈ గోలీ బలం ఒంట్లో చాలాసేపు వుంటుందమ్మా, ఇప్పుడు లేచి కూర్చున్నా రాత్రి మళ్ళీ పడిపోవచ్చు. పెద్ద వయసు, మూత్రపిండాలు కూడా కొంచెం నీరసించాయి. ఎప్పటి చిట్టీ ఇది?" అని అడిగాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత ఈ కథ చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. 1942లో మాంపెల్యేలో తిండిలేని రోగులకు జరిగిందే మా తొర్రూరులో ఒక్కపొద్దున్న మా అత్తమ్మకూ జరిగింది. ఆ మందు గుణం మొదటి రోజే తెలిసింది, కడుపు ఖాళీగా వుంటే ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రక్తం చూసి, మెల్లగా పెంచుతారు. ఒక్కపొద్దులున్న వాళ్ళు ముందే అడిగి, ఆ రోజు గోలీ ఏం చేయాలో తెలుసుకోవాలి. అవసరమైతే గోలీ తగ్గించడమూ వైద్యమే. అత్తమ్మకు ఆ తర్వాత వేరే గోలీ, తక్కువ మోతాదులో రాశారు.

వదిన చిట్టీలో వున్నది ఈ గోలీ కాదు, మెట్‌ఫార్మిన్. దీని కథ వేరు. యూరప్‌లో గలేగా అనే పచ్చిక మొక్క వుంది, చిక్కుడు కుటుంబానిదే. పూర్వం దాన్ని నాటు మందుగా వాడేవారు. పశువులు ఎక్కువ మేస్తే వాటికి విషమయ్యేది. అందులో వున్న గ్వానిడిన్ జాతి పదార్థం చక్కెరను తగ్గిస్తుందని తర్వాత తెలిసింది. ఆ జాతికే చెందిన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే ఇద్దరు తయారుచేశారు. ఇన్సులిన్ మొదటి సూది ఇచ్చిన ఏడాదే! కానీ సూది గొప్పతనం ముందు దీన్నెవరూ పట్టించుకోలేదు. ముప్పై ఐదేళ్ళు మూలన పడి వుంది. 1957లో పారిస్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు దాన్ని రోగులకు ఇచ్చి, బాగుందని రాశాడు. చక్కెరను తినేసేది అని అర్థం వచ్చేలా గ్లూకోఫేజ్ అని పేరు పెట్టాడు.

దానికి ఒక అక్క కూడా వుంది, పేరు ఫెన్‌ఫార్మిన్. బలమైన మందు. మొదట్లో అదే ఎక్కువ అమ్ముడుపోయింది. కానీ కొందరి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ప్రాణాలు పోయాయి. అమెరికాలో 1977లో దాన్ని ఆపించారు. మన దేశంలో నిషేధం 2003 దాకా రాలేదు. అక్క చేసిన పాపం చెల్లెలి మీద కూడా పడింది. మెట్‌ఫార్మిన్‌కు అమెరికాలో 1994 చివరిదాకా అనుమతి దొరకలేదు. ఇప్పటికీ డాక్టర్లు ఈ గోలీ రాసే ముందు మూత్రపిండాల పరీక్ష చేయిస్తారంటే, ఆ పాత అనుభవమే కారణం. "ఇంకో పరీక్షా, ఇంకో ఖర్చా?" అని మనం విసుక్కుంటాం గాని, ఆ పరీక్ష వెనక పోయిన ప్రాణాలున్నాయి.

మెట్‌ఫార్మిన్ క్లోమాన్ని తట్టి లేపదు. మన కాలేయం రాత్రింబగళ్ళు చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుంటుంది, దాన్ని ఇది తగ్గిస్తుంది. అందుకని ఇదొక్కటే వాడితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. దీని బాధంతా కడుపుతోనే. వికారం, కడుపులో గడబిడ, విరేచనాలు. అందుకే సాధారణంగా అన్నంతో పాటు రోజుకు ఒక 500 మిల్లీగ్రాముల గోలీతో మొదలుపెట్టి, కడుపు అలవాటు పడ్డాక వారాల మీద పెంచుతారు. కొత్త కోడలు ఇంటికొచ్చిన నాడే వంటిల్లంతా అప్పగించం కదా, ఇదీ అంతే.

"మరి పెంచుడెందుకు వదినా? మందు పనిచేస్తలేదనే గదా?" అని అడిగింది వదిన. అందరికీ వచ్చే అనుమానమే ఇది. దీనికి జవాబు ఇంగ్లండులో దొరికింది. 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ టర్నర్ అనే డాక్టరు, కొత్తగా చక్కెర జబ్బు బయటపడిన 5,102 మందిని చేర్చుకుని ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టాడు. కొందరికి పథ్యం మాత్రమే, కొందరికి గోలీలు, కొందరికి ఇన్సులిన్. ఏళ్ళ తరబడి చూసి 1998లో ఫలితాలు చెప్పారు. చక్కెరను గట్టిగా అదుపులో పెట్టిన వాళ్ళకు కళ్ళు, మూత్రపిండాలు దెబ్బతినడం నాలుగో వంతు తగ్గింది. లావుగా వున్న వాళ్ళలో మెట్‌ఫార్మిన్ వాడిన వారికి మరణాలు కూడా తగ్గాయి. మూలన పడి వున్న ఆ చెల్లెలు పెద్దింటి కోడలైంది అప్పుడే.

అదే పరిశోధనలో మరో సంగతి తెలిసింది. ఏ మందు వాడినా సరే, ఏళ్ళు గడిచేకొద్దీ అందరికీ చక్కెర మెల్లగా పెరుగుతూనే వచ్చింది. మూడేళ్ళకు సగం మందికీ, తొమ్మిదేళ్ళకు ముప్పాతిక మందికీ ఒక్క మందు చాలలేదు. ఎందుకంటే జబ్బు బయటపడే నాటికే క్లోమం శక్తి చాలావరకు తగ్గిపోయి వుంటుంది, తర్వాత ఇంకా తగ్గుతుంది. అంటే గోలీ పెరగడం గోలీ తప్పు కాదు, డాక్టరు తప్పు కాదు, మనం దొంగతనంగా ఒక లడ్డూ తిన్నందుకు పడ్డ శిక్ష కూడా కాదు. అది జబ్బు నడక. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్ళు తమనే నిందించుకుంటూ, డాక్టరు కోప్పడతాడని పోవడమే మానేస్తున్నారో! అయితే ఒళ్ళు తగ్గించుకుని, నడిచి, తిండి మార్చుకున్న కొందరికి గోలీ తగ్గిన సందర్భాలూ వున్నాయి. పెంచినా తగ్గించినా డాక్టరు పరీక్ష చూసి చేయాలి, మనం క్యాలెండరు చూసో, పక్కింటామెను చూసో కాదు.

ఆ పరీక్ష కూడా ఇప్పుడు మారింది. బాపు కాచిన నీలం మందు పోయింది. ఇరాన్‌లో శామ్యూల్ రహబర్ అనే డాక్టరు 1968లో చక్కెర రోగుల రక్తంలో హిమోగ్లోబిన్ తేడాగా వుండడం గమనించాడు. చక్కెర దానికి అంటుకుని వుంటుంది. ఎర్ర కణం ఆయుష్షు నాలుగు నెలలు గనుక, దాన్ని చూస్తే రెండు మూడు నెలల చక్కెర లెక్క తెలుస్తుంది. పరీక్ష ముందు రెండు రోజులు కడుపు మాడ్చుకుని డాక్టరును మోసం చేయడం ఇక కుదరదన్నమాట!

ఈ కథలో మన హైదరాబాదుకు కూడా చోటుంది. 1970లో వచ్చిన పేటెంట్ల చట్టం 1972లో అమలైంది. దాని ప్రకారం మందు మీద కాకుండా, మందు తయారుచేసే పద్ధతి మీదే హక్కు వుండేది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. హైదరాబాదులోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐ.డి.పి.ఎల్.లో పనిచేసి బయటికి వచ్చిన వాళ్ళలో డాక్టర్ కల్లం అంజిరెడ్డి ఒకరు. గుంటూరు జిల్లా తాడేపల్లి వారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇలాంటి కంపెనీల పుణ్యమా అని గోలీలు మన చేతికందే ధరకు వచ్చాయి. వాళ్ళ పరిశోధనశాలలో చక్కెర జబ్బుకే సొంతంగా కొత్త మందు కనిపెట్టి, 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు హక్కులిచ్చారు. ఒక భారతీయ కంపెనీ సొంత మందును అలా బయటికిచ్చింది అదే మొదలు. తర్వాత రాగాగ్లిటజార్ అనే మరో మందు మీద ఇంకా పెద్ద ఆశలు పెట్టుకున్నారు. 2002లో ఆ మందు ఇచ్చిన ఎలుకల మూత్రాశయంలో గడ్డలు కనిపించాయి. వెంటనే పరీక్షలు ఆపేశారు. ఏళ్ళ శ్రమ, కోట్ల ఖర్చు వృథా అయింది గాని, సింథాలిన్ నాటి తప్పు మళ్ళీ జరగలేదు.

2005లో చట్టం మారి, మందు మీదే హక్కు వచ్చింది. కొత్త గోలీలు మనకు అందనంత ఖరీదయ్యాయి. ఆ గడువులు తీరుతూ వచ్చి 2019లో విల్డాగ్లిప్టిన్, 2020లో డాపాగ్లిఫ్లోజిన్, 2022లో సిటాగ్లిప్టిన్ ధరలు బాగా దిగాయి. కాబట్టి రెండో గోలీ రాశారని దిగులుపడకుండా, "ఇదే మందు తక్కువ ధరలో వుందా డాక్టరుగారూ?" అని ధైర్యంగా అడగండి.

కథ విని వదిన లేచింది. ఆ సాయంత్రమే గోలీలు తెప్పించుకుంది. వారం తిరగకుండానే "కడుపుల గడబిడ అయితాంది, బంద్ చేస్త" అని వచ్చింది. బంద్ చేయకు, డాక్టరుకు ఫోన్ చేయమన్నాను. అన్నం ముందు కాకుండా అన్నంతో వేసుకోమన్నాడట. ఇప్పుడు సర్దుకుంది. ఒక నోటు పుస్తకం పెట్టి, గోలీ పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, డాక్టరు ఏ తేదీన మార్చాడు అన్నీ రాస్తోంది. మూడు నెలల పరీక్ష వచ్చే నెలలో వుంది. ఆమె ఒక్కతే పోనక్కర లేదు, నేనూ తోడు పోతానన్నాను.

మీ ఇంట్లో కూడా చక్కెర గోలీ వేసుకునే పెద్దవాళ్ళుంటే, ఇవాళే ఆ చిట్టీ తీసి తేదీ చూడండి. ఏడాది దాటి వుంటే పాత చిట్టీతో గోలీలు తెప్పించడం మాని, వాళ్ళను తీసుకుని డాక్టరు దగ్గరికి పోండి. ఆ పని రెండేళ్ళు ఆలస్యంగా నేర్చుకున్న దాన్ని గనుక చెబుతున్నాను.